కొడుకు చెయ్యెత్తితే తల్లి ఎవరితో చెప్పుకోవాలి?



మొగుడు కొడితే చెప్పుకోవడానికి చట్టం ఉంది, మహిళా సంఘం ఉంది. పదిహేనేళ్ళ కొడుకే చెయ్యెత్తితే? తల్లి నోరు విప్పదు. "నీ పెంపకం ఇంతేనా" అంటారని దిగమింగుకుంటుంది. మన బస్తీల్లో గుసగుసగా వినపడే ఈ మాట ఆస్ట్రేలియాలో బహిరంగంగా చర్చకు వచ్చింది. అందులో మనం నేర్చుకోవలసింది ఉంది.

2022లో అక్కడ వెలువడిన జాతీయ అధ్యయనంలో 16 నుంచి 20 ఏళ్ళ వయసున్న 5,021 మందిని ప్రశ్నించారు. ఇంట్లోవాళ్ళ మీద హింసకు దిగామని ప్రతి అయిదుగురిలో ఒకరు చెప్పారు. అలా చెప్పినవారిలో నూటికి 89 మంది తమ చిన్నతనంలో ఇంట్లో హింసను చూసినవారో, స్వయంగా అనుభవించినవారో. అంటే ఆ చెయ్యి ఊరికే లేవలేదు, చూసి నేర్చింది.

పల్లెల్లో బాధ మరీ ఎక్కువ. స్టేషన్ దూరం, ఆశ్రయం దూరం, ఊళ్ళో అందరూ ఎరిగినవాళ్ళే. ఆదివాసీ తల్లికి ఇంకో భయం కూడా ఉంది. దాదాపు 1910 నుంచి 1970 వరకు అక్కడి ప్రభుత్వాలు ఆదివాసీ బిడ్డలను తల్లుల ఒడిలోంచి లాక్కుపోయాయి. కస్టడీ మరణాలపై 1991లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ పరిశీలించిన 99 మంది మృతుల్లో 43 మంది చిన్ననాడే కుటుంబాలకు దూరమైనవారు. ఇదంతా తెలిసిన తల్లి పోలీసులకు ఎలా ఫోన్ చేస్తుంది?

ఇది వాళ్ళ సంస్కృతి అనేవాళ్ళున్నారు. అది అబద్ధం. భూమి పోయింది, కూలి దక్కలేదు. 1966లో వేవ్ హిల్ పశువుల క్షేత్రంలో గురింజి కార్మికులు సమ్మెకు దిగింది కూలి కోసం, భూమి కోసమే. యూనియన్లు వారికి అండగా నిలిచాయి.

అయితే తల్లి దెబ్బలు తింటూ ఊరుకోవాలా? వద్దు. ముందు తల్లికి రక్షణ కావాలి. కాని పిల్లవాణ్ణి జైల్లో తోస్తే మారడు, ముదురుతాడు. నార్తర్న్ టెరిటరీ 2023లో నేర బాధ్యత వయసును 12కు పెంచి, 2024లో మళ్ళీ 10కి దించింది. పదేళ్ళ పసివాడికి సంకెళ్ళు వేయడం పరిష్కారం కాదని మా అభిప్రాయం.

యూనియన్లు చూపిన దారి వేరు. 2010లో విక్టోరియాలోని సర్ఫ్ కోస్ట్ పురపాలక ఉద్యోగులు యూనియన్ ద్వారా, ఇంట్లో హింసకు గురైనవారికి ఏడాదికి 20 రోజుల జీతంతో కూడిన సెలవు సాధించుకున్నారు. పోరాటం పెరిగి 2023 నుంచి దేశమంతటా 10 రోజుల సెలవు చట్టమైంది. హింసకు దిగింది కన్నబిడ్డ అయినా అది వర్తిస్తుంది.

మన 2005 గృహహింస చట్టం మొదట వయసొచ్చిన మగవారి మీదే ఫిర్యాదుకు వీలిచ్చింది. 2016లో సుప్రీంకోర్టు ఆ మాటలు కొట్టేసింది. కాని ఒక పూట మానితే కూలి పోయే తల్లి కోర్టుకు ఎలా వెళ్తుంది? ఆ సెలవు మన కోర్కెల పత్రంలోకి ఎక్కాలి.

అన్నలారా, ఒక్క మాట. షిఫ్టు దిగి ఇంటికొచ్చి మనం ఎత్తే చెయ్యిని మన కొడుకు చూస్తున్నాడు. మార్పు అక్కడే మొదలవ్వాలి. వచ్చే గేటు మీటింగులో దీన్ని చర్చించండి.