తెలియని 'ఎక్స్'కు భయపడనేల?



పదవ తరగతి ఫలితాలు వచ్చింది మొదలు మన ఇండ్లలో ఒకటే చర్చ. అబ్బాయిని ఏ గ్రూపులో చేర్చాలి? అమ్మాయిని ఏ కాలేజీకి పంపాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో చాలామంది తలిదండ్రుల నోట జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: "ఎం.పి.సి." దానికి కారణం లేకపోలేదు. 2006లో పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వచ్చింది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలయింది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ఒకప్పుడు దూరపు పట్టణాలకు పోతేనే గాని దొరకని చదువు ఇప్పుడు బస్సు ఎక్కితే గంటలో అందే దూరంలో ఉన్నది. సంతోషించవలసినదే.

అయితే కాలేజీలో చేరిన రెండు మూడు నెలలకే కొన్ని ఇండ్లలో వేరొక మాట వినబడుతుంది. "నాయనా, ఈ లెక్కలు నా తలకెక్కడం లేదు." ఏ లెక్కలని నిదానంగా అడిగితే, ఎక్కువమంది పిల్లలు చెప్పేది బీజగణితమే. ప్రమేయాలు, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం. పేర్లు వింటేనే పెద్దవారికి కూడా గుండె జారుతుంది. అందుకే ఈ నెల ఈ విషయం గూర్చి మన కుటుంబాలతో మాట్లాడాలని తలంచాము.

మొదట ఆ భయం కొంత తగ్గించుకుందాము. బీజగణితం ఎక్కడినుండో ఊడిపడినది కాదు. క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు సున్నకు, ఋణ సంఖ్యలకు సూత్రాలు వ్రాశాడు. 1150లో భాస్కరాచార్యుడు 'బీజగణితం' అను పేరుతోనే గ్రంథం రచించాడు. మన తెలుగులో పావులూరి మల్లన ఏనాడో గణితాన్ని పద్యాలలో చెప్పాడు. మనం రోజూ గీసే సమాన గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వైద్యుడు మొదట అచ్చులో వాడాడు. సమానంగా సాగే రెండు గీతలకన్న సమానమైనవి మరేవీ లేవని ఆయన ఉద్దేశం.

మన ఊళ్లలో చదువు రానివారు సైతం ఈ లెక్కనే నోటితో చేస్తారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరు పొందిన ఊరు గదా! 24 కేరట్ల మేలిమి బంగారం 11 గ్రాములు ఉన్నది. దానిని 22 కేరట్ల బంగారంగా మార్చాలంటే ఎంత రాగి కలపాలి? కలపవలసిన రాగిని 'ఎక్స్' అనుకుందాము. మొత్తం బరువు 11 కూడిక ఎక్స్. అందులో మేలిమి 11 గ్రాములే. ఆ పాలు 24లో 22 పాళ్లు, అనగా 12లో 11 పాళ్లు కావాలి. కాబట్టి మొత్తం 12 గ్రాములు, ఎక్స్ విలువ 1 గ్రాము. కంసాలి దీనిని సమీకరణం అనడు. కాని అతడు చేసినది అదే.

పులివెందుల చీనీ తోటకు పోదాము. ఒక రైతు 180 మొక్కలు నాటాలి. వరుసలు ఎన్నో, ప్రతి వరుసలో అంతకన్న 3 మొక్కలు ఎక్కువ ఉండాలి. వరుసలు ఎక్స్ అయితే, ఎక్స్‌ను ఎక్స్ కూడిక 3తో గుణిస్తే 180 రావాలి. ఈ వర్గ సమీకరణం సాధిస్తే రెండు జవాబులు వస్తాయి: 12, ఋణ 15. ఋణ 15 వరుసలు ఏ చేనులోను ఉండవు గనుక దానిని విడిచిపెడతాము. 12 వరుసలు, వరుసకు 15 మొక్కలు. సరిచూడండి: 12 పదిహేనులు 180. ఏ జవాబు భూమి మీద నిలుస్తుందో ఆలోచించి తీసుకోవడం కూడా గణితంలో భాగమేనని మన పిల్లలకు చెప్పాలి.

మరి ఇంత దగ్గరి విషయం పిల్లలకు ఎందుకు కొరుకుడు పడడం లేదు? మేము గమనించినంతవరకు కారణాలు ముఖ్యంగా రెండు.

మొదటిది, పునాది. ఇంటర్మీడియట్ లెక్కలో తప్పు జరిగేది చాలాసార్లు ఇంటర్మీడియట్ పాఠం దగ్గర కాదు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠం దగ్గర. బ్రాకెట్టు ముందు ఋణ గుర్తు ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలన్నది మరచిపోతారు. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేయమంటే విడివిడిగా వర్గాలు చేసి కలిపేస్తారు. మూడు, నాలుగు కలిపితే ఏడు, దాని వర్గం 49. విడిగా చేస్తే 9, 16 కలిసి 25 మాత్రమే. మధ్యలో రావలసిన 24 ఎక్కడ పోయింది? మూడు నాళ్లు పన్నెండుకు రెట్టింపు అది. ఆ ఒక్క పదం జారిపోయినందుకు పేజీ నిండా వ్రాసిన లెక్క తప్పవుతుంది. పిల్లవాడేమో మాత్రికలు తనకు రావనుకుంటాడు.

రెండవది, భాష. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషులో చెబుతారు. సంకీర్ణ సంఖ్య అంటే కాంప్లెక్స్ నంబరే, సంభావ్యత అంటే ప్రాబబిలిటీయే. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే, తెలిసిన విషయం కూడా కొత్తదిగా కనబడుతుంది. ఇది తెలివి తక్కువతనం కాదు, అలవాటు లేకపోవడం.

లూకా సువార్త 14వ అధ్యాయంలో మన ప్రభువు గోపురం కట్టదలచినవాని ఉపమానం చెప్పాడు. అతడు మొదట కూర్చుండి లెక్క చూసుకోవాలి. పునాది వేసి ఆగిపోతే నవ్వులపాలవుతాడు. గ్రూపు ఎన్నుకొనే ముందు మనమూ అలాగే కూర్చుని లెక్క చూడాలి. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలుంటే 80 గణితానివే. లెక్కలంటే ఇష్టం లేని బిడ్డను పక్కింటివారితో పోటీకి ఎం.పి.సి.లో చేర్చడం న్యాయమా? నర్సింగు, వ్యాపార శాస్త్రం, పాలిటెక్నిక్, ఉపాధ్యాయ వృత్తి, ఇవన్నీ దేవుడిచ్చిన మార్గాలే. జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి ఎందరు పేదలకు ప్రాణం పోసిందో మన సంఘాలకు తెలుసు. అటువంటి చోట మందు మోతాదు సరిగా లెక్కగట్టే నర్సమ్మ చేసే సేవ ఏ ఇంజనీరు సేవకూ తీసిపోదు.

ఇష్టపడి చేరిన బిడ్డ తడబడితే ఏమి చేయాలి? కొన్ని సలహాలు.

మొదటి నెల పాత పుస్తకాలు దించండి. గుర్తులు, భిన్నాలు, కారణాంకాలు, ఇవి రోజుకు పది లెక్కల చొప్పున చేయించండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఒక నోటు పుస్తకంలో ఒక ప్రక్క తెలుగు పదం, ఒక ప్రక్క ఇంగ్లీషు పదం వ్రాసుకొనమనండి.

చదువుకోని తలిదండ్రులు కూడా సహాయం చేయవచ్చు. రాత్రి భోజనమైన తరువాత, "ఈ రోజు చేసిన లెక్క ఒకటి మాకు చెప్పు నాయనా" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిపోయాడో వానికే తెలుస్తుంది. చివరికి, "వచ్చిన జవాబు మళ్లీ లెక్కలో పెట్టి సరిచూశావా?" అనే ఒక్క ప్రశ్న మరువకండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. సంఘంలో గణితం తెలిసిన ఉపాధ్యాయులు, ఇంజనీరింగు చదివే అన్నలు, అక్కలు ఉంటారు. వారానికి ఒక సాయంత్రం సండేస్కూలు గది తెరిచి, దీపం వెలిగించి కూర్చుంటే ఖర్చు ఏమున్నది? ట్యూషను ఫీజు కట్టలేని బిడ్డలకు అది ఎంతో మేలు.

హాస్టలులో చేర్చేవారు ఆదివారం ఆరాధనకు పంపుతారా లేదా అని చేరక ముందే అడగండి.

ఇక బరువైన మాట ఒకటి చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులలోనే దాదాపు ఇరవై మంది విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత ఫెయిలైనవారి జవాబు పత్రాలు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్లు తేలింది. మార్కుల కాగితం కూడా తప్పు చెప్పగలదు. ఒకవేళ నిజంగానే తప్పినా, సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది, సంవత్సరం పోదు. పోయినా సంవత్సరమే పోతుంది, బిడ్డ ఉంటాడు. ఫలితాల రోజున ఇంట్లో మొదటి మాట "ఎన్ని వచ్చాయి?" కాక, "రా, భోంచెయ్యి" కావాలి. బిడ్డ మాట్లాడడం మానినా, అన్నం మానినా, బ్రతుకు మీద విరక్తి కనబరచినా ఒంటరిగా విడువకండి. ప్రార్థించండి, వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి. ప్రభుత్వం వారి టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

సువార్తలలో ఒక చిన్న లెక్క ఉన్నది. మత్తయి 10వ అధ్యాయంలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. ఆ లెక్కన రెండు కాసులకు నాలుగే రావాలి. కాని లూకా 12వ అధ్యాయంలో రెండు కాసులకు ఐదు వచ్చాయి. ఐదవది కొసరు. బజారులో దానికి వెల లేదు, ఎవరి లెక్కలోకీ రాలేదు. అయినా దేవుడు దానిని మరువలేదని ప్రభువు చెప్పాడు. ఏ ర్యాంకులోకీ రాని బిడ్డ మన ఇంట ఉంటే, ఆ ఐదవ పిచ్చుకను జ్ఞాపకం చేసుకుందాము.

కాలేజీ మెట్లు ఎక్కుతున్న మన బిడ్డలందరికీ ప్రభువు జ్ఞానమును, ధైర్యమును అనుగ్రహించును గాక. ఆమేన్.