నలుపు నారాయణుడు మెచ్చు

వంటింటి గట్టుకు ఏ రాయి పరచాలన్న విషయం మీద నేను వ్యాసం వ్రాయవలసి వస్తుందని ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. సంధులూ సమాసాలూ వల్లె వేయించిన నోటితో రెజిన్ అనీ మ్యాట్ ఫినిష్ అనీ పలకవలసి రావడం కాలమహిమ. సంగారెడ్డిలో మా అబ్బాయి ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ పుణ్యమా అని రెండు నెలలుగా ఇస్నాపూరు నుంచి పటాన్‌చెరు దాకా బొంబాయి రహదారి పక్కనున్న రాళ్ళ దుకాణాలు తిరిగాను. తిరిగిన కొద్దీ కోపం పెరిగింది. ఆ కోపమే ఈ వ్యాసం.

నిన్నటి దాకా గట్టు అంటే ముఖం కనబడేటట్టు మెరవాలి. ఇప్పుడు మెరుపు మోటు అయిపోయింది. నలుపు కావాలి, ఆ నలుపు మీద నిగనిగ ఉండకూడదు. దుకాణంలో కుర్రవాడు సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపించి "ఇది లేటెస్టు సార్" అన్నాడు. నేను ఆ రుచిని తప్పు పట్టడం లేదు. అది లేటెస్టు అనడాన్ని తప్పు పడుతున్నాను.

మన వంటింట్లో రాయి ఎప్పుడు మెరిసింది కనుక? రోలు నలుపే, సన్నికల్లు నలుపే, ఇసుర్రాయి నలుపే. వాడగా వాడగా అవి నునుపు తేలితే పప్పు నలగడం లేదని మా అమ్మ రాళ్ళు కొట్టేవాణ్ణి పిలిపించి, కొలిచి గింజలు పోసి మరీ, ఉలితో గంట్లు కొట్టించేది. వంటింటి రాతికి నునుపు దోషమని, దానిని పోగొట్టడానికి కూలి ఇచ్చిన జాతి మనది. రామప్ప గుడి శిల్పులు నల్లరాతిని అద్దంలా మెరిపించారు, నిజమే. 1213 నాటి ఆ మెరుగు ఇప్పటికీ మాయలేదు. కాని అది దేవుడి ఇల్లు. అక్కడెవరూ పోపు పెట్టలేదు.

రోళ్ళ తరువాత వచ్చిన గట్టు కూడా అంతే. మా తరం ఇళ్ళలో నేలకు షాబాదు బండో తాండూరు బండో పరిచేవారు, గట్టుకూ అల్మారా అరలకూ కడప బండ వేసేవారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నుంచి వచ్చే నల్లని సున్నపురాయి అది. మెరుపు లేని నలుపు అంటే సాక్షాత్తు అదే. పాలిష్ గ్రానైటు వచ్చాక దానిని పేదవాళ్ళ బండ అని ఈసడించి కిందికి దింపారు. ఇప్పటికీ ఎన్నో వంటిళ్ళలో గట్టు కిందికి వంగి చూడండి. పైన మెరిసేది గ్రానైటు, కింద నిలబడి మోసేది కడప బండ. అప్పుడు తీసి పారేసిన రూపాన్నే ఇవాళ అంతకు కొన్ని రెట్లు ధర పెట్టి, ఇంగ్లీషు పేరు తగిలించి, కొత్తదనుకుని కొంటున్నాం.

సరే, డబ్బు ఎవరి డబ్బు వారిది. నా తగవు దానితో కాదు, ఆ పేరు కింద అంటగడుతున్న పదార్థంతో. క్వార్ట్జు పలక అని అమ్ముతున్నారే, అది గనిలో దొరికిన రాయి కాదు. నూటికి తొంభై వంతుల పైచిలుకు స్ఫటికపు నలుసులనూ పొడినీ ప్లాస్టిక్ జాతి జిగురుతో కలిపి, రంగు వేసి, యంత్రంలో అదిమి పోసిన అచ్చు. ఇటలీ దేశపు బ్రెటన్ సంస్థ కనిపెట్టిన పద్ధతి. "హండ్రెడ్ పర్సెంట్ న్యాచురల్ సార్" అన్నాడు దుకాణదారు. స్ఫటికం ప్రకృతే, జిగురు ఎక్కడి ప్రకృతి నాయనా అంటే నవ్వేశాడు. ఆ జిగురు సుమారు నూట యాభై డిగ్రీల వేడికి పాడవడం మొదలవుతుంది. గారెలు వేగే నూనె వేడి నూట ఎనభై. పొయ్యి మీది మూకుడు దించి చటుక్కున గట్టు మీద పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎవరికి లేదు? కింద చెక్క పెట్టి దించాలట. రాయి అని కొన్నదానికి చెక్క కాపలా!

ఇంతవరకే అయితే ఇంత వ్రాయను. ఒక దుకాణం వెనుక పెరట్లో ఇరవై ఏళ్ళు నిండీ నిండని కుర్రవాడు ఆ పలకకు సింకు రంధ్రం కోస్తున్నాడు. చేతిలో తిరిగే బ్లేడు, ముక్కుకు తువ్వాలు. నీళ్ళు లేవు. కనుబొమల నుంచి పాదాల దాకా తెల్లగా, విభూతి పూసుకున్నట్టున్నాడు. పొట్టకూటికి ఉత్తరాది నుంచి వచ్చిన బిడ్డ. నాకు తెలిసిన హిందీలో, దగ్గు రాదా అని అడిగాను. "అలవాటైపోయింది సాబ్" అన్నాడు. నాకూ సుద్దపొడితో ముప్పై ఏళ్ళకు పైగా పరిచయం ఉంది, కాని ఇది ఆ పొడి కాదు. కంటికి కనబడనంత సన్నని స్ఫటికధూళి ఊపిరితిత్తుల లోతుకు దిగి, అక్కడి మెత్తని కండను గట్టి మచ్చలుగా మారుస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. తగ్గించే మందు లేదు. తువ్వాలు ఆ ధూళిని ఆపదు. స్ఫటికమాలతో జపం చేసుకునే దేశంలో అదే స్ఫటికాన్ని ఒక కుర్రవాడి చేత పీల్పిస్తున్నాం.

ఇది నా అత్యుక్తి అనుకునేవారికి ఒక్క సంగతి. ఆస్ట్రేలియాలో ఈ పలకలు కోసే పడుచువాళ్ళు వరుసగా ఈ జబ్బున పడటం చూసి, 2024 జూలై 1 నుంచి అక్కడ వీటి తయారీని, సరఫరాను, కోతను, బిగింపును నిషేధించారు. ఇంట్లో బిగించిన పలక వల్ల ఇంటివారికి ప్రమాదం లేదు, ఆ మాట కూడా చెప్పడం న్యాయం. ప్రమాదమంతా కోసేవాడికే. మనకు కనబడకపోవడానికి కారణమూ అదే. సిలికా తగ్గించిన రకాలు వస్తున్నాయంటారు. నేను అడిగిన చోటల్లా, ఈ పలకలో సిలికా ఎంత అన్న ప్రశ్నకు జవాబుగా రంగుల పుస్తకం ఇచ్చారు.

మనకు చట్టం లేదా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో సిలికోసిస్ ఉండేది. అయితే ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళు ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. పెరట్లో ఇద్దరు కుర్రాళ్ళు కోస్తే అది దుకాణం. రోగం మాత్రం తలలు లెక్కపెట్టి రాదు. ఈ ప్రాంతం వాళ్ళకు ఇదంతా కొత్త పాఠమూ కాదు. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల పరిశ్రమకు కావలసిన పొడి తయారుచేసే కర్మాగారం పేలి యాభైమందికి పైగా పోయారు. ఆ రోజు ఊరంతా ఏడ్చాం. ఒక్కొక్కడుగా, పదేళ్ళకు పోయేవాడి కోసం ఎవరూ ఏడవరు.

ఇదంతా చెప్పి, కాబట్టి కడప బండే వేయిద్దామని ఇంట్లో తీర్మానం ప్రవేశపెట్టాను. మా కోడలు అంతా ఓపికగా విని "మామయ్యా, పచ్చిపులుసు పిసికిన చెయ్యి ఆ బండ మీద మీరు పెట్టరు, నేను పెడతాను" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. సున్నపురాయికీ పులుపుకూ పడదు. చింతపండు రసమో నిమ్మచెక్కో కాసేపు తగిలితే నలుపు మీద పాలిపోయిన మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. నూనె పట్టిస్తూ ఉంటే కొంత కప్పిపుచ్చవచ్చు. కొందరు ఆ మచ్చలే అందమంటారు. తోమేవాళ్ళు అలా అనరు.

అందుచేత ఓడిపోయి మధ్యేమార్గానికి వచ్చాను. నల్ల గ్రానైటు. దీని పేరులో మళ్ళీ ఒక అబద్ధం ఉంది. బజారులో గ్రానైటు అనిపించుకునే ఈ నల్లరాళ్ళు భూగర్భశాస్త్రం ప్రకారం గ్రానైటే కావు. గాబ్రో, డోలరైట్ అనే వేరే జాతులు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే, బంగారు చుక్కల గెలాక్సీ కూడా ఆ కోవదే. అసలు గ్రానైటులో నూటికి ఇరవై నుంచి నలభై అయిదు వంతుల దాకా సిలికా పొడి ఉంటుంది, ఈ నల్లజాతిలో స్ఫటికం బహు స్వల్పం. పులుపు దీనిని ఏమీ చేయలేదు, మూకుడు వేడి అంతకంటే చేయలేదు. దీనికి అద్దపు మెరుగు పెట్టకుండా, గరుకు కుంచెలతో రుద్ది ఆపేస్తే దానిని లెదర్ ఫినిష్ అంటున్నారు. రాతికి తోలు పేరు పెట్టిన మహానుభావుడెవరో! కావలసిన మసక నలుపు మాత్రం అక్షరాలా అదే. వట్టి నున్నని మ్యాట్ అయితే జిడ్డు వేళ్ళ ముద్రలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, ఈ గరుకులో అంత కనబడవు. మన బోరు నీళ్ళకు తెల్లచారలు కట్టడం మాత్రం ఏ నలుపుకూ తప్పదు. పూటపూటా పొడిగుడ్డతో తుడవవలసిందే.

ఏ రాయి పొడి అయినా పొడే కనుక ఒక షరతు పెట్టాను. అంచులూ సింకు రంధ్రమూ దుకాణంలోనే నీళ్ళు పోస్తూ కోయాలి. సరేనన్నారు. తీరా మొన్న రాయి దించి, మేస్త్రీ పొడి బ్లేడు పట్టుకుని మా హాలులోనే కూర్చున్నాడు. "ఐదు నిమిషాల పని సార్" అన్నాడు. రాయి వెనక్కు పంపాను. ట్రాలీ కిరాయి రెండోసారి పడింది. మా అబ్బాయి ఆ పూట నాతో మాట్లాడలేదు. కోడలు మాత్రం మేస్త్రీకి టీ ఇచ్చి, సోమవారం తెమ్మని చెప్పి పంపింది.