గ్యాస్ అనుకున్న నొప్పి

ప్రొద్దుటూరు బజారులో గానీ, పులివెందులలో గానీ యాభై నిండని మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడని విన్నప్పుడల్లా అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "నిన్నటి దాకా బాగానే ఉన్నాడే!" ఆ మాటను మేము ఒప్పుకోలేము. గుండెపోటు ఆ ఉదయం పుట్టేది కాదు. గుండెకు రక్తాన్నిచ్చే ధమనుల గోడల్లో కొవ్వు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఒకనాడు ఆ పూడిక పైపొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అక్కడి నుండి గుండె కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది.

కేరళలో పుట్టిన వైద్యశాస్త్రవేత్త సలీం యూసుఫ్ నాయకత్వాన 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వెలువడింది. తొలి గుండెపోట్ల ముప్పులో పదింట తొమ్మిది వంతులు మనం కొలిచి తెలుసుకోగల తొమ్మిది అంశాలలోనే ఉన్నదని అది తేల్చింది. అన్నిటికన్నా బలమైనవి రక్తంలోని చెడు కొవ్వులు, పొగాకు. వాటి వెంట మధుమేహం, రక్తపోటు, మనోవ్యథ, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఉన్నాయి. దక్షిణాసియా వారికి ఈ జబ్బు దాదాపు 53వ ఏటనే, అంటే ఇతరులకన్నా ఆరేళ్ల ముందే వస్తున్నదని కూడా ఆ పరిశోధనలోనే బయటపడింది.

ప్రొద్దుటూరులో పొద్దున గల్లాపెట్టె ముందు కూర్చుని రాత్రికి లేచే వ్యాపారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. జమ్మలమడుగు రైతు ఒళ్లు వంచి పని చేస్తాడు, నిజమే. కానీ ఆ చెమట బీడీ పొగను కడిగివేయదు.

మాకు ఎక్కువ భయం కలిగించేది ఆలస్యం. ఛాతీ మధ్య బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపించినా గ్యాస్ అనుకొని సోడా తాగి, వాము నమిలి పడుకుంటారు. ఆడవారిలోనూ, మధుమేహ రోగులలోనూ నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండవచ్చు. ఇంటి పనంతా ముగించి గానీ తమ బాధ చెప్పుకోని తల్లులు మన ఇళ్లలో తక్కువేమీ కాదు.

ఈ మూడు ఊళ్ల నుండి కడప యాభై కిలోమీటర్ల పైమాటే. అందుకే ముందు 108కి ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి. రోగిని మోటారు సైకిలు మీద కూర్చోబెట్టరాదు. గడ్డను కరిగించే ఖరీదైన టెనెక్టెప్లేస్ సూదిమందును రాష్ట్ర ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అది తొలి గంటల్లో పడితేనే గుండె ఎక్కువగా దక్కుతుంది.

స్టెంటు వేయించుకున్నవారు రంజాన్ ఉపవాసాలకు నెల ముందే మాత్రల వేళలను వైద్యుని అడిగి మార్చుకోవాలి. రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలను సొంతంగా మానితే కొద్దిరోజుల్లోనే ఆ స్టెంటు మూసుకుపోవచ్చు.