పని పర్మినెంటు, మనిషి టెంపరరీ

తిరుమల కొండమీద ఒక్కరోజు చెత్త ఎత్తకుంటే, మరుగుదొడ్లు కడక్కుంటే, గదులు ఊడ్వకుంటే ఏమవుతుంది? దేవస్థానం 1933లో ఏర్పడింది. ఆనాటి నుంచీ ఈ పని అవసరం లేని రోజు ఒక్కటీ లేదు. రేపూ ఉండదు. మరి ఎప్పటికీ ఉండే పనికి, ఎప్పుడు తీసేస్తారో తెలియని మనుషులెందుకు?

మా బడికొచ్చే పిల్లోళ్ళ అమ్మానాయినలు చానామంది ఈ పనే చేస్తా ఉండారు. తిరుపతిలో కాపురం, తెల్లారకముందే ఘాట్ బస్సు. పది పదిహేనేండ్లుగా అదే చీపురు, అదే వరండా. కాంట్రాక్టరు మారతాడు, చొక్కామీద కంపెనీ పేరు మారుతుంది, మనిషి మాత్రం మారడు. సర్వీసు మళ్ళీ ఒకటోరోజు నుంచే మొదలు! ఊళ్ళో వాళ్ళకది 'కొండమీద ఉద్యోగం'. ఇంట్లో చూస్తే బాడుగకూ బియ్యానికీ పెద్దపిల్లోని కాలేజీ ఫీజుకూ చాలదు. ఆయన సాయంత్రం ఇంకో కూలికి పోతాడు, ఆయమ్మ నాలుగిళ్ళల్లో అంట్లు తోముతుంది. నెలనెలా జీతమొచ్చే మనిషి నెలనెలా అప్పు చేస్తా ఉంటే, తప్పు ఆ మనిషి ఖర్చుల్లో లేదు, ఆ జీతంలో ఉంది.

డబ్బు లేదా? 2024-25కు దేవస్థానం వేసుకున్న బడ్జెట్టు 5,141 కోట్లు!

అసలు సంగతి వేరే. పర్మినెంటు పోస్టుకు రోస్టరుంటుంది, ప్రమోషనుంటుంది. కాంట్రాక్టరును రోస్టరు అడిగేదెవరు? చీపురు దగ్గర మాత్రం మన రిజర్వేషను అడక్కుండానే అమలైపోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఒక్క పర్మినెంటు జీతం నా తోడబుట్టినవాళ్ళందరినీ చదివించింది. ఆ నిచ్చెననే ఇప్పుడు మన పిల్లలకు అందకుండా లాగేస్తున్నారు.

ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగుల కేసులో 2016లో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలంది. మధ్యలో కాంట్రాక్టరును నిలబెడితే ఆ తీర్పును తప్పించుకునే సందు దొరుకుతుంది. కాంట్రాక్టు పద్ధతి రద్దయినా ఉద్యోగం దానంతటది రాదని 2001లో అదే కోర్టు చెప్పింది. కాబట్టి కోర్టు మీదే భారమేసి కూచుంటే లాభం లేదు. 2021 చివర్లో ఎఫ్ఎంఎస్ కార్మికులు తిరుపతిలో దేవస్థానం పరిపాలనా భవనం ముందర రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్ళు అడిగింది దానం కాదు, హక్కు.

సంఘం పనిచేసే సోదరులకు ఒక మాట. ప్రతి ఇంటికీ పోండి. జీతం చీటీ, పీఎఫ్ నంబరు, పాత గుర్తింపు కార్డులు పారేయొద్దని చెప్పండి. కాంట్రాక్టర్లు ఎంతమంది మారినా పనిచేసిన మనిషి ఒక్కరేనని రుజువు చేసేవి ఆ కాగితాలే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలని 1970 చట్టం చెప్పింది, 2020 కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అది అందరికీ చదివి వినిపించండి.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది మన బాబాసాహెబే. కూలి మాట, కులం మాట వేరువేరని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఎప్పటికీ ఉండే పనికి ఎప్పటికీ ఉండే ఉద్యోగం. మనం అడగాల్సింది ఇదే!

జై భీమ్!