సింగపూరు కాపురమును, ఇరుగుపొరుగువారి సలహాలును

ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో గోదావరితీరపు సోదరి యొకతె వ్రాసినది మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఆమె భర్తకు సింగపూరున ఉద్యోగము దొరకినది. ఇంకను పెట్టెలు సర్దనేలేదు. కాని యూరిలో సలహా చెప్పనివారు లేరట. “ఆ ద్వీపమున సర్వమును అగ్గి ధర, జీతమంతయు అద్దెకే చాలదు” అని పినమామగారు. “అద్దె యెందుకు, ఇల్లు కొనివేయుడు” అని మేనత్తగారు. “నోట చూయింగుగమ్ము కనబడిన చెఱసాలయే” అని యెదురింటివారు. “పిల్లలు తెలుగు మఱచిపోవుదురు” అని కోవెలలో కనబడిన ప్రతివారును. “పెండ్లిచూపులనాడు సయితము ఇందఱికి జవాబు చెప్పలేదు. ఇప్పుడెవరికి ఏమని చెప్పుదును?” అని యామె యడుగుచున్నది.

సింగపూరు ఖరీదైన చోటన్న మాట నిజము. సుమారు 735 చదరపు కిలోమీటర్ల నేలమీద 60 లక్షలకు పైబడిన జనము నివసించుచున్నారు. 2022లో విభజింపబడి చిన్నదైన మన విశాఖపట్టణపు జిల్లాయైనను దానికంటె పెద్దదే. తినెడి పదార్థములలో నూటికి 90 పాళ్లకు పైగా పరదేశములనుండి దిగవలసినదే. కారు కావలెనన్న 10 ఏండ్లు చెల్లెడి అనుమతిపత్రమును వేలమున పాడుకొనవలెను. 2023 అక్టోబరులో చిన్నకార్ల పత్రమే లక్ష సింగపూరు డాలర్లు దాటినది. అయితే రైళ్లును బస్సులును పుష్కలముగా నున్న యూరిలో కారు లేకుండుట లోటు కాదు. వీథిభోజనశాలలలో తక్కువ వెలకే కడుపు నిండును. కావున పినమామగారి మాటలో సగము సత్యము గలదు. ఆ సగమునకు మాత్రము తల యూపిన చాలును.

మేనత్తగారి సలహా ఉదారమైనదే కాని అచ్చట పనికిరాదు. ప్రభుత్వము కట్టించిన వాటాలను పరదేశీయులు అద్దెకు తీసికొనవచ్చునుగాని కొనరాదు. ప్రైవేటు ఇల్లు కొన్నచో 2023 ఏప్రిలు నుండి వెలమీద నూటికి 60 వంతులు అదనపు సుంకము చెల్లింపవలెను. ఈ లెక్క విన్నచో ఆమెయే అద్దె మేలనును. ఇక చూయింగుగమ్ము: 1992 నుండి దాని దిగుమతియు విక్రయమును నిషేధింపబడినవి; నమలుట నేరము కాదు. ఎదురింటివారితో దీనికై వాదింపబనిలేదు, నవ్వి యూరకుండవచ్చును.

తెలుగు మాట యట్లు తీసివేయదగినది కాదు. అచ్చటి పాఠశాలలలో మాతృభాషలుగా చైనాభాష, మలయ, తమిళములు ప్రధానములు. హిందీ, బెంగాలీ మొదలైనవియు కొన్ని గలవు. తెలుగు వానిలో లేదు. 1975లో స్థాపింపబడిన తెలుగు సమాజము పండుగలకు పదిమందిని కలుపును. కాని అక్షరములు దిద్దించుట తల్లిదండ్రుల పని. రాత్రి భోజనమైన తరువాత అరగంట పలక పట్టించు ఓపిక తమకుండునా యని ఆలుమగలు ముందే అనుకొనవలెను.

ఆ సోదరి జాబులో మాకు మనసు కలచిన వాక్యము వేఱొకటి. “మా అత్తగారు మాత్రము రోజునకు పదిమారులు అక్కడ అన్నియు ఖరీదే అందురు” అని విసుగుతో వ్రాసినది. సోదరీ, ఆమె చెప్పుచున్నది కూరగాయల ధర కాదని మాకు తోచుచున్నది. “నన్ను మీరు రమ్మనలేరు గదా” యని ఆమె యడుగుచున్నది. ఆ భయము నిరాధారము కాదు. తల్లిదండ్రులను చిరకాలము దగ్గఱ నుంచుకొను అనుమతి కుమారుని జీతము నెలకు 12,000 డాలర్లకు తగ్గనిచోగాని లభింపదు. లేకున్న కొద్దివారములు చూచిపోవుటయే. ఈ సంగతిని దాచక, “అత్తయ్యగారూ, హైదరాబాదునుండి విమానమున నాలుగు గంటలకు మించి కొంచెమే. సంక్రాంతికి మేము వత్తుము, వేసవిని తాము రండి” అని నెలలతో సహా చెప్పుము. టిక్కెట్టు డబ్బు ఇప్పుడే వేఱుగా తీసి యుంచుము. ఆమెకు కావలసిన జవాబు అది.

తక్కినవారికి “అట్లేనండి, ఆలోచింతుము” అన్నంత మర్యాద చాలును. జీతమెంతయో మాత్రము ఎవరికిని చెప్పవలదు. ఆ యంకె తెలిసిన నాటినుండి నీవు మిగుల్చవలసిన సొమ్మును ఊరివారే లెక్కకట్టుదురు. భర్త తనవారియొద్ద ఒక మాట, నీవు పుట్టింట మఱియొక మాట చెప్పిన సలహాలు రెట్టింపగును.

ఇక జాబు చివర, తేదీకి పైన, ఒక్క పంక్తిలో నీవు పదియేండ్లుగా ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుచున్నట్లు వ్రాసితివి. ఇందఱు సలహాదారులలో ఒక్కరును ఆ మాట యెత్తలేదు. ఉల్లిపాయల ధర అందఱకు పట్టినది, నీ ఉద్యోగ మెవరికిని పట్టలేదు! మాకు అది చిన్నమాటగా కనబడలేదు. భర్త జీతము నెలకు 6,000 డాలర్లకు తగ్గనిచో భార్యాపిల్లలకు ఆశ్రితుల అనుమతి లభించును. పూర్వము ఆ అనుమతిమీదనే భార్య సమ్మతిపత్రము పొంది ఉద్యోగము చేయగలిగెడిది. 2021 మే 1వ తేదీనుండి ఆ సౌకర్యము తొలగినది. ఇప్పుడు ఆమెకు పని ఇచ్చువారే ఆమె పేర వేఱుగా ఉద్యోగానుమతికి దరఖాస్తు పెట్టవలెను. అనగా విమానమెక్కిన నాటినుండి నీ సంపాదన ఆగిపోవచ్చును. రెండు జీతముల సంసారము ఒక జీతము మీదికి వచ్చును, అదియు ఖరీదైన ద్వీపమున.

వెళ్లవలదని మేము చెప్పము. అది మీ యిరువురి నిర్ణయము. ఈ ఆదివారము పిల్లలు నిదురించిన పిదప భర్తతో కూర్చుండి ఒక కాగితముమీద అద్దె, బడిరుసుము, నీవు వదలుకొను జీతము, మూడును వరుసగా వ్రాయుడు. బడిరుసుము కంపెనీవా రిత్తురో లేదో వ్రాతమూలకముగా తెలిసికొనుడు. రాజీనామా వ్రాయుటకు ముందు జీతములేని సెలవు ఒక యేడాది దొరకునేమో ప్రధానోపాధ్యాయులవారిని అడుగుము. వారేమనిరో మాకు తెలుపుము.