సంచుల దగ్గర ఎవరు కూర్చోవాలి?

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి డైనోసారియం చూడాలని పిల్లల కోరిక. మిగతావాళ్లకు అది సెలవు రోజు. అత్తయ్యకూ నాకూ మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే పని మొదలైంది. పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలకెత్తి, నీళ్ల సీసాలు నింపి, చిన్నదానికి మరో జత బట్టలు సర్దేసరికి ఒక్కొక్కరే నిద్ర లేచారు. వంటిల్లు కూడా మాతోపాటు సంచుల్లో కొండెక్కింది.

తీరా వెళ్లాక, "మీరు చూసి రాండ్రి, నేను సంచుల కాడ కూసుంట" అంది అత్తయ్య. ఎవరూ కాదనలేదు. నేనూ రెండడుగులు ముందుకు వేశాను. ఇంటిచాకిరీ గురించి ఇన్నేళ్లుగా మీటింగుల్లో మాట్లాడుతున్న నేను! సిగ్గనిపించి ఆగిపోయాను. "ముందు మేం చూసొస్తాం, మీరు కూర్చోండి" అన్నాను మా ఆయనతో. ఆయన క్షణం సేపు తెల్లబోయి, తర్వాత కూర్చున్నారు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

లోపల నిలబెట్టిన అస్థిపంజరం కోటాసారస్‌ది. 16 కోట్ల ఏళ్లకు పైబడిన జంతువు. ఎముకలు దొరికింది పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. 1988లో పి. యాదగిరి దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది. మనవరాలు ఈ సంగతి చెప్పగానే ఆ జిల్లాలోనే పుట్టిన అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "మా దిక్కుదా ఇది!" అంటూ చుట్టూ రెండుసార్లు తిరిగింది. తర్వాత అడిగింది: "బిడ్డా, ఇది ఆడిదా, మొగదా?"

"ఇంత పెద్దగా ఉంది కదా నానమ్మా, మగదే" అన్నాడు మా అబ్బాయి. నిజానికి ఆ అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, ఎన్నో జంతువుల ఎముకలు కలిపి కూర్చింది. ఆడా మగా అని తేల్చే వీలు లేదు. కానీ పదేళ్ల పిల్లవాడికి అప్పుడే జవాబు తెలిసిపోయింది!

ఆ జవాబు వాడికి ఎక్కడిది? మానవ పరిణామం అనగానే మన పుస్తకాల్లో కనిపించే బొమ్మను గుర్తు చేసుకోండి. వంగి నడిచే వానరంతో మొదలై నిటారుగా నిలిచిన మనిషి దాకా అందరూ మగవాళ్లే. 1974లో ఇథియోపియాలో దొరికిన సుమారు 32 లక్షల ఏళ్ల నాటి 'లూసీ'ని మాత్రం శాస్త్రజ్ఞులు స్త్రీగానే గుర్తించారు. వేటాడింది మగవాడేనని మనకు నేర్పారు. పెరూలో 9 వేల ఏళ్ల నాటి సమాధిలో వేట పనిముట్లతోపాటు ఉన్నది ఒక యువతి అని 2020లో పరిశోధకులు ప్రకటించారు. స్త్రీ ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉందనే కథ చెప్పడం, ఈనాటి స్త్రీని సంచుల దగ్గర కూర్చోబెట్టడానికి బాగా పనికొస్తుంది.

2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, అదే పని చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. విహారయాత్ర రోజున స్త్రీల లెక్క తగ్గదు, పెరుగుతుంది. పైగా దానికి 'సరదా' అని పేరు.

కూలి గురించి, ఆస్తి గురించి, హింస గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. కానీ తీరిక, తెలుసుకోవాలనే కుతూహలం కూడా హక్కులే. అవి కడుపు నిండినవాళ్ల ముచ్చట్లు కావు. సంఘం మహిళలను ఎక్స్‌పోజర్ విజిట్ పేరుతో పొదుపు సంఘాలకూ ఆఫీసులకూ తిప్పుతుంటాం. ఒక పూట మ్యూజియానికి కూడా తీసుకుపోదాం. వాళ్లు అడిగే ప్రశ్నలు విందాం.

తిరిగి వచ్చేటప్పుడు సంచులు మా ఆయనా మా అబ్బాయీ మోశారు. అత్తయ్య ఖాళీ చేతులతో ముందు నడుస్తూ కోటాసారస్ గురించే మాట్లాడుతోంది.