పొయ్యికి గట్టు కావాల



మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క కొత్త ఇండ్లు చానా లేస్తా ఉండాయి. సంతోషమే. అయితే ఒక మాట చెప్పాల. లక్షలు పోసి నున్నటి టైల్స్ పరుస్తారు. బచ్చలింట్లో నీళ్ళ పొయ్యి మాత్రం ఆ టైల్స్ మీదనే నాలుగు ఇటుకలు పేర్చి మూలకు పెడతారు. పొయ్యి ముందర నేల గురించి అడిగేవాళ్ళు తక్కువ.

"గ్యాస్ వచ్చింది కదా, ఇంకా పొయ్యి ఏల?" అంటారు పిల్లోళ్ళు. ఉజ్వల పథకం 2016లో వచ్చింది, మంచిదే. కానీ ఇంటిల్లిపాదికీ స్నానం నీళ్ళు కాచేదానికి, పదిమందికి సంగటి కెలికేదానికి గ్యాస్ ఎవరు కాలుస్తారు? తోటలో మల్బరీ పుల్లలు, నీలగిరి కొమ్మలు ఊరికే పడి ఉంటాయి కదా. పొయ్యి ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. ఉండేదాన్ని సరిగా పెట్టుకుందాం.

మల్బరీ పుల్ల సన్నం. తొందరగా కాలి, మొన విరిగి నిప్పుతోనే బయటికి జారుతుంది. పాత ఇండ్లలో మట్టినేలో, రాతిబండో ఉండేది. కణిక పడినా అక్కడే ఆరిపోయేది. ఇప్పుడు టైల్ చిట్లుతుంది, ప్లాస్టిక్ చాప అంటుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. పొయ్యి ముందర కూర్చునేది మన ఆడవాళ్ళు, కట్టుకునేది నైలాన్ చీర.

నేను చదివింది తమిళ బళ్ళో. తమిళంలో వంటింటికి 'అడుప్పంగరై' అని ఒక పేరు. అడుప్పు అంటే పొయ్యి, కరై అంటే గట్టు. చెరువుకు కట్ట ఎట్లనో పొయ్యికి గట్టు అట్ల. రైల్వేలోనూ ఇదే బుద్ధి. ఆవిరి ఇంజన్ల కాలంలో నిప్పూ బూడిదా దులిపేదానికి షెడ్లో వేరే గుంత ఉండేది.

ఎంత గట్టు కావాల? కెనడా నిబంధనల్లో తలుపు ఉండే ఇనుప పొయ్యికే ముందర 18 అంగుళాలు, మిగతా పక్కల 8 అంగుళాలు కాలని నేల ఉండాల. మన పొయ్యికి తలుపే లేదు, కట్టె మూరెడు బయటే ఉంటుంది. అందుకే నా లెక్క ముందర 3 అడుగులు, పక్కలకు ఒక్కో అడుగు.

టైల్స్ పరిచే ముందే మేస్త్రీకి చెప్పండి. మన గ్రానైట్ బండ, 2 అంగుళాల మందం, కింద ఇసుక పరిచి వేయించండి. పాలిష్ వద్దు, తడికి జారుతుంది. కణిక దొర్లిపోకుండా అంచుకు వేలెడు ఎత్తు కట్ట పెట్టించండి. ఆ బండ మీద చాప, చీపురు, పుల్లల మోపు ఏదీ ఉండకూడదు. గ్యాస్ సిలిండర్ ఆ పక్కకే రాకూడదు. బూడిద ఎత్తి ప్లాస్టిక్ బక్కెట్లో పోయొద్దండి, పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు ఉంటుంది. ఇనుప డబ్బా పెట్టుకోండి.

బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో మొదలైన ఆస్త్ర వాళ్ళు, పొగగొట్టం ఉండే ఆస్త్ర ఒలె చేసి పల్లెలకు ఇచ్చినారు. పొగ పోయేదానికి వాళ్ళు దారి చూపినారు. నిప్పు ఆగేదానికి తావు మనమే చూపాల.

టైల్ రంగు కోసం నాలుగు అంగళ్ళు తిరుగుతాం. ప్లాన్ గీయించే రోజు ఇంట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: పొయ్యి యాడ పెడదాం, దాని ముందర ఎంత తావు కావాల? వాళ్ళు చెప్పినంత వదిలి, మిగిలిన దాంట్లో టైల్స్ వేసుకోండి.